సమంగా నిలిచిన గీతలు

సీలు వేసిన కవరును విప్పకుండానే అది లోపల ఎవరి చేతికి వెళ్ళాలో చెప్పగలగడం, జిగురు తన బతుకులో సాధించిన మొదటి విజయం. అది ఊరికే రాలేదు. ఏడాదికి పైగా పట్టింది. మెడ పట్టేసింది, కళ్ళజోడు వచ్చింది, మాటలదాకా వచ్చిన పెళ్ళిసంబంధం ఒకటి ‘అమ్మాయికి మాతో మాట్లాడే తీరికే లేదు’ అంటూ వెనక్కి వెళ్ళిపోయింది. మేనమామ మాత్రం, ఆ అబ్బాయి వాలకం తనకు మొదటినుంచీ నచ్చలేదనీ, కుర్చీలో కూర్చోమంటే మంచం మీద పడుకున్నట్టు కూర్చున్నాడనీ చెప్పి ఆ సంగతి అంతటితో తుడిచేశాడు.

జిగురు అన్నది అసలు పేరు కాదు. తల్లి పోయాక పిల్లను పెంచినవాడు మేనమామే. పిండిమిల్లు నడిపేవాడు. పసిపిల్లగా ఆమె ఆయన చొక్కా అంచు పట్టుకుంటే మిల్లు ఆగేదాకా వదిలేది కాదు. ఇద్దరూ తలల నుంచి కాళ్ళదాకా తెల్లగా అయి ఇంటికి వస్తుంటే, ‘ఇదేం జిగురే నాకు’ అని ఆయన విసుక్కున్న మాటే పేరై కూర్చుంది. బడిలో అదే పేరు, కాలేజీలో అదే పేరు, చివరికి ఆఫీసులోనూ అదే. లెక్కల్లో ఆ పిల్లకు ఎదురు లేదు. మిల్లు మోటారు కాలిపోయిన రోజు మెకానిక్కు వచ్చేలోపే మూత విప్పి, తీగ ఎక్కడ తెగిందో వేలుపెట్టి చూపించింది. చుట్టుపక్కల బళ్ళన్నిటికీ కలిపి పెట్టిన పరీక్షలో మొదటి స్థానం తెచ్చుకుంది. ఆ ఇంట్లో పెద్ద చదువు చదివిన మొదటి మనిషి ఆమే. పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు డబ్బా అందుకుని వెళ్ళేలోపు ఈ జాబితా అంతా వినాల్సిందే. వినకపోతే మేనమామ పిండి జల్లించడం ఆపేసేవాడు.

ఆమె చేరిన కంపెనీ టైర్ల దుకాణం పైనున్న రెండు అంతస్తుల్లో ఉండేది. మెట్లమీద ఎప్పుడూ రబ్బరు వాసన. ఊపిరితిత్తులు పాడై, ముక్కుకు గొట్టంతో ఇంట్లోనే రోజులు నెట్టుకొచ్చే రోగులకు ఆ కంపెనీ ఒక చిన్న పెట్టె ఇస్తుంది. పెట్టె రోగి ఊపిరిని వింటూ, విన్నది విన్నట్టు కంపెనీ కంప్యూటరుకు పంపుతుంది. ఆ పెద్ద కంప్యూటరులో కొన్ని ప్రోగ్రాములు పక్కపక్కనే పనిచేస్తుంటాయి. ఆఫీసులో వాటిని ‘పనివాళ్ళు’ అంటారు, మనుషులను పిలిచినట్టే. ఒక్కో పనివాడు కొందరు రోగుల సంగతి తన బుర్రలో పెట్టుకుంటాడు. కొత్త రోగి వస్తే వెంటనే గోల చేయడు. ముందు కాసేపు ఊరుకుని వింటాడు. ఈయన మామూలు ఊపిరి ఎంత, దగ్గు ఎంత, మంచం దిగితే ఆయాసం ఎంత, ఇవన్నీ ఒంటబట్టాకే ‘ఈ ఊపిరి తేడాగా ఉంది’ అని నర్సుల బల్లమీద గంట మోగిస్తాడు. ఆ కాసేపు వినడం లేకపోతే గంట రోజంతా మోగుతూనే ఉంటుంది, నర్సులు దానికి దూది కుక్కుతారు.

చిక్కల్లా సిగ్నల్‌తోనే. ఇళ్ళల్లో సిగ్నల్ పోతుంది, వస్తుంది. పోయినప్పుడల్లా పెట్టె తెగిపోయి మళ్ళీ కలుస్తుంది. కలిసినప్పుడు తన పాత పనివాడి దగ్గరికే చేరాలి. ఇంకొకడి దగ్గరికి పోతే వాడు ‘మీరెవరండీ’ అని మళ్ళీ మొదటినుంచి వినడం మొదలుపెడతాడు. ఎవరు ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్పేది ముందు వాకిట్లో కూర్చున్న ఇంకో యంత్రం. రోగి కబురు మాత్రం సీలు వేసిన కవరులో వస్తుంది, వాకిట్లోవాడికి లోపల ఏముందో కనబడదు.

పైఅధికారికి ఇదొక సమస్యే కాదు. వాకిట్లోనే సీలు విప్పేయమన్నాడు. పేరు చూసి లోపలికి పంపితే సరిపోతుంది. జిగురు ఒప్పుకోలేదు. ఒకరి దగ్గు, ఒకరి మందులు, పక్కమీద పడే పాట్లు వాకిట్లో విప్పడానికి మనమెవరం అంది.

“వాకిలి మనదే కదమ్మా,” అన్నాడాయన.

“అద్దెది సార్. ఆ యంత్రం వేరేవాళ్ళది. నెలనెలా అద్దె కట్టేది మీరే.”

పక్కబల్ల మీది బట్టతల ఉద్యోగి నవ్వాపుకోలేక నీళ్ళసీసా తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. జుట్టు రాలిపోయింది ఈ ఆఫీసులోనే అని చెప్పుకునే మనిషి అతను. జిగురుకు తోడు పనిచేసేది అతనొక్కడే.

ఏడాది పైచిలుకు తంటాలు పడ్డాక ఆమెకు దారి దొరికింది. పెట్టెకూ పనివాడికీ మధ్య తాళం పడేముందు, అంటే కబురుకు ఆ సీలు పడేముందు, ఇద్దరూ ఒక సంఖ్య చెప్పుకుంటారు. అది కవరు బయటే ఉంటుంది. లోపలి గుట్టు దానివల్ల ఏమీ తెలియదు, అయినా మళ్ళీ కలిసేటప్పుడు పెట్టె అదే సంఖ్య చెబుతుంది. వాకిట్లోవాడు ఆ సంఖ్యను గుర్తుపెట్టుకుంటే చాలు. సీలు సీలులాగే ఉంటుంది, తెగిన పెట్టె తన చోటికే చేరుతుంది. చెప్పుకుంటే ఇంతే. చేసి చూపించడానికి ఎన్ని ఆదివారాలు పోయాయో ఆమెకే తెలియాలి. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ఒక్క రోగి కూడా దారి తప్పలేదు. కంపెనీ సభపెట్టి ఆమె చేతికి అద్దాల షీల్డు ఇచ్చింది. మేనమామ దాన్ని మిల్లుకు తెచ్చి తూకం పక్కన పెట్టాడు. కవరు విప్పకుండా మనిషిని గుర్తుపట్టడం ఆ పిల్ల తన దగ్గరే నేర్చిందనీ, ఎవరి డబ్బా ఎవరిదో మూత తీయకుండా చెప్పేవాణ్ణి తానేననీ ఆయన వాదన. ఆమె కాదనలేదు.

ఇక్కడినుంచి మంచి రోజులు తక్కువ.

తాళాల్లో కొత్త రకం వచ్చింది. పాతదానికంటే గట్టిది, ప్రపంచమంతా దానికే మారుతోంది. పెట్టెలన్నిటికీ ఆ కొత్త తాళం ఎక్కించాలని కంపెనీ నిర్ణయించింది. ముందుగా చూసి ‘సరే’ అనాల్సిన మనిషి జిగురు. ఆమె నిర్లక్ష్యంగా అనలేదు. పరీక్షగదిలో పెట్టె పెట్టి, తీగ పీకి, మళ్ళీ పెట్టి, పదేపదే చూసింది. తెగిన ప్రతిసారీ పెట్టె తన పాత పనివాడి దగ్గరికే చేరింది. తృప్తిగా ‘సరే’ అంది. పరీక్షగదిలో ఉన్నది ఒక్క పనివాడేనన్న సంగతి ఆమెకు తట్టలేదు. ఒక్కడే ఉన్నచోట ఎన్నిసార్లు తెగినా వాడి దగ్గరికి కాక ఇంకెక్కడికి వెళుతుంది? కొత్త తాళంలో ఆ బయటి సంఖ్య ఉత్త అలంకారం. ప్రతిసారీ కొత్తగా పుడుతుంది, పాతదానితో దానికి సంబంధం ఉండదు. ఆ మాట ఆమె ఎప్పుడో చదివింది కూడా. పరీక్ష నెగ్గాక చదివినది మనసు వెనక్కి జారిపోయింది.

కొత్త తాళం ఎక్కించిన మర్నాడు ఉదయం బట్టతల ఉద్యోగి ఆమెను తెర దగ్గరికి పిలిచాడు. ఒక్కో పనివాడి మీద ఎంత బరువుందో చూపించే గీతలుంటాయి ఆ తెరమీద. ఏళ్ళ తరబడి ఆ గీతలు ఎత్తుపల్లాలే. ఒకడు బరువుకు కుంగిపోతుంటే ఇంకొకడు ఈగలు తోలుకునేవాడు. రోగులు ఎవరి చోట వాళ్ళు కదలకుండా ఉంటే అంతే మరి. ఆ ఉదయం మాత్రం గీతలన్నీ పీట వేసినట్టు ఒకే ఎత్తులో నిలిచాయి.

“చూశావా అక్కా, ఎంత బుద్ధిగా నిలబడ్డారో. మన పిల్లలకు చదువొచ్చినట్టుంది,” అన్నాడతను.

పైఅధికారి స్వయంగా వచ్చి చూశాడు, కొత్త తాళం మహిమ అన్నాడు. అందరికీ టీ తెప్పించాడు. రోగిని పనివాడికి కట్టిపెట్టిన ముడులన్నీ ఊడిపోతే తప్ప బరువు అలా సమంగా పంచుకోదని ఆ గదిలో ఎవరికీ తోచలేదు. జిగురుకూ తోచలేదు. ఆమె కప్పు పట్టుకుని ఆ గీతలకేసి చాలాసేపు మురిపెంగా చూసింది. తన చేతి పనిని అంత అందంగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

అదే వారంలో ఈదురుగాలి కొట్టిన ఒక మధ్యాహ్నం, బస్సు నడిపి రిటైరైన ఒక ముసలాయనకు ఊపిరి ఇబ్బంది మొదలైంది. సందు చివర ఇరుకు ఇల్లు, ఇంట్లో ఆయనా కూతురూ. కూతురు టైలరు, ముందుగదిలోనే మిషను. సిగ్నల్ మాటిమాటికీ పోతుంటే ఆమె పెట్టెను కిటికీ దగ్గరికి మార్చింది, అక్కడినుంచి వంటగట్టు మీదికి మార్చింది. పెట్టె తెగింది, కలిసింది, మళ్ళీ తెగింది. కలిసిన ప్రతిసారీ కొత్త పనివాడి పాలబడింది. ఆ కొత్తవాడు మొదటినుంచి వినడం మొదలుపెట్టేవాడు. అంతకంతకూ అడుగంటుతున్న ఊపిరినే ఆ మనిషి మామూలు ఊపిరి అనుకునేవాడు. వాడికి అనుమానం వచ్చేలోపు మళ్ళీ తెగిపోయేది. నర్సుల బల్లమీద గంట మోగనే లేదు. పెట్టెకు ముందువైపు పచ్చలైటు ఉంటుంది. అది వెలుగుతుంటే ‘మిమ్మల్ని ఎవరో చూస్తున్నారు’ అని అర్థం. ఆ కూతురు పచ్చలైటు చూసి ధైర్యం తెచ్చుకుని, నర్సుల నుంచి ఫోను వస్తుందని ఎదురుచూస్తూ, సాయంత్రం ఇవ్వాల్సిన జాకెట్టు కుట్టుకుంటూ కూర్చుంది. జాకెట్టు పూర్తయ్యేసరికి ఆయన లేడు.

కబురు తెలిసిన రోజు పైఅధికారి అందరినీ కూర్చోబెట్టి ఒక్కటే చెప్పాడు. ఆ ఇంటి పెట్టె ఒక్క మధ్యాహ్నంలో లెక్కలేనన్నిసార్లు ఆగిపోయిందనీ, ఆ కూతురే ప్లగ్గు పీకుతూ పెడుతూ ఉండి ఉంటుందనీ, అయినవాళ్ళ విసుగు ఇలాంటి ఇళ్ళల్లో మామూలేననీ. జిగురు తన బల్ల దగ్గరికి వెళ్ళి, ఆ మధ్యాహ్నం ఆ పెట్టెతో ఏ పనివాడు మాట్లాడాడో వెతికింది. ఒకడు కాదు. వరసపెట్టి అందరూ మాట్లాడారు. తలెత్తి తెరమీది గీతలకేసి చూసింది. ఇంకా సమంగానే ఉన్నాయి.

ముందు చేయాల్సిన పని ముందు చేసింది. ఎవరినీ అడక్కుండా పెట్టెలన్నిటినీ పాత తాళానికి తిప్పేసింది. మధ్యాహ్నానికల్లా గీతలు ఎగుడుదిగుడయ్యాయి. బట్టతల ఉద్యోగి వెనక నిలబడి చూస్తూ, కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరికీ అర్థమైంది.

పోలీసు విచారణ మొదలైంది. కంపెనీ వకీలు చెప్పినదాన్ని పట్టుకుని వాళ్ళు టైలరును రోజుమార్చి రోజు స్టేషనుకు పిలిచారు. తండ్రి చావుకు కూతురే కారణమని కేసు కట్టబోతున్నారన్న మాట ఆఫీసుదాకా వచ్చింది. జిగురు పైఅధికారి గదిలోకి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. ఆయనకు అంతకుముందే తెలుసని ఆయన ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

“నిన్ను అబద్ధం చెప్పమనడం లేదమ్మా. పెట్టె మాటిమాటికీ తెగింది, అది నిజమే కదా. అడిగితే అంతవరకే చెప్పు.”

“తెగడం వాళ్ళ తప్పు కాదు సార్. తెగినది తన చోటికి చేరకపోవడం నా తప్పు. సరే అన్నది నేను.”

“ఆ రోజు అందరం కలిసే కదా టీ తాగాం. నీ ఒక్కదానిదే ఎలా అవుతుంది?”

“అయితే మీరూ రండి సార్. ఇద్దరం కలిసే చెబుదాం.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎంతసేపటికీ తుడవడం అవలేదు. ఆమె తలుపు దగ్గరికి వేసి వచ్చేసింది.

ఇంట్లో అంతకన్నా కష్టమైంది. మేనమామ మొదట అర్థం కానట్టు నటించాడు, తర్వాత కోపం తెచ్చుకున్నాడు, తర్వాత బతిమాలాడు. జీవితంలో ఆయన ఎవరినీ బతిమాలిన మనిషి కాదు.

“నీ మీద ఎవరూ వేలు చూపించలేదు. నువ్వే వెళ్ళి ఆ వేలు కింద నిలబడతానంటావేమే?”

“ఆవిడ మీద చూపిస్తున్నారు మామయ్యా.”

“ఆవిడెవరు మనకు? చుట్టమా పక్కమా?”

“నాన్నకు ఊపిరాడట్లేదని తెలిసి కూడా, పచ్చలైటు వెలుగుతోంది కదా అని ఆగింది. ఆ లైటుకు అర్థం లేకుండా చేసింది నేను. ఆ మాట ఆవిడకు ఎవరూ చెప్పకపోతే, తనే చంపుకున్నానని చచ్చేదాకా అనుకుంటుంది.”

ఆయన ఆ పూట అన్నం తినలేదు. ఆమె మీద అరవనూ లేదు. మర్నాడు ఆమె స్టేషనుకు బయల్దేరుతుంటే మిల్లు మూసి, చెప్పులు వేసుకుని వెనకే నడిచాడు. దారిలో ఒక్కసారి కూడా ఆగిపొమ్మనలేదు.

ఆమె చెప్పినది రాసుకున్న పోలీసు అధికారికి రెండుసార్లు చెబితే గానీ బోధపడలేదు. నీ నోటితో నువ్వే ఇరుక్కుంటున్నావు, వకీలును పెట్టుకున్నాక రమ్మని కూడా అన్నాడు. ఆమె కూర్చున్నచోటు నుంచి లేవలేదు. పరీక్షగదిలో ఒక్క పనివాడితోనే చూశాననీ, కొత్త తాళంలో ఆ సంఖ్య పనికిరాదని చదివి కూడా మరిచాననీ, గీతలు సమంగా ఉన్నప్పుడే అనుమానపడాల్సింది పోయి సంతోషపడ్డాననీ వరసగా చెప్పింది. ఆ కూతురు ప్లగ్గు పీకలేదనీ, సిగ్నల్ కోసం పెట్టెను చంకనెత్తుకుని ఇల్లంతా తిరిగిందనీ చెప్పింది. పెట్టె లోపలి బ్యాటరీ ఒక్కసారి కూడా ఆగలేదనీ, పోయింది సిగ్నలేననీ లెక్కలు తీసి చూపించింది.

టైలరు మీద కేసు ఎత్తేశారు. జిగురు మీద పెట్టారు. పైఅధికారి తనకు సాంకేతిక విషయాలు తెలియవని రాసిచ్చాడు. బట్టతల ఉద్యోగి కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పాడు, కానీ మాట్లాడుతూ మధ్యలో ఏడ్చేయడంతో ఆ సాక్ష్యం ఎటూ ఉపయోగపడలేదు. తీర్పు రోజున మేనమామ జడ్జిగారితో రెండు మాటలు చెప్పుకుంటానని లేచి నిలబడ్డాడు. పిల్ల లెక్కల్లో మొదటి స్థానం దగ్గరనుంచి షీల్డుదాకా మొత్తం చెప్పాడు. జడ్జి చివరిదాకా విన్నాడు, అది ఆయన మంచితనం. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయింది, శిక్ష తప్పదన్నాడు. తప్పు తనంతట తానే ఒప్పుకున్నందుకు కొంత తగ్గించానన్నాడు. కంపెనీని మందలించి వదిలేశారు.

బయట మెట్లమీద టైలరు ఎదురైంది. పోలీసులు ఒక నిమిషం ఆగారు.

“నేనే ప్లగ్గు పీకానని మా అన్న కూడా నమ్మాడు. ఇన్నాళ్ళూ నాతో మాట్లాడలేదు. నా మీద పడ్డది నువ్వు తీసేశావు,” అందామె. “నాన్నను తెచ్చివ్వలేవు కదా. నీకు థాంక్స్ చెప్పమని మాత్రం నన్నడగొద్దు.”

“అడగనమ్మా,” అంది జిగురు.

జిగురు జైలుకు వెళ్ళాక కంపెనీ మళ్ళీ కొత్త తాళానికే మారి, వాకిట్లోనే సీలు విప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఎవరి పెట్టె ఎన్నిసార్లు తెగినా తప్పకుండా తన చోటికే చేరుతుంది. ఎవరి దగ్గు ఎంతో, ఎవరికి ఏ మందో, అద్దెకు తెచ్చిన ఆ యంత్రానికీ దాన్ని నడిపేవాళ్ళకూ తెలుస్తుంది. రోగులకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. జైల్లో ములాఖత్ రోజున బట్టతల ఉద్యోగి ఈ మాట చెబితే జిగురు జాలీకి అవతల తల వంచుకుని విన్నది. గంట సరిగ్గా మోగుతోందా అని మాత్రం అడిగింది. మోగుతోందన్నాడు. సరేనంది.

జైల్లో ఆమెకు బట్టలు ఉతికే పని ఇచ్చారు. సోడా నీళ్ళకు చేతులు పగిలాయి. చదువుకున్న మనిషని మొదట్లో తోటివాళ్ళు ఎగతాళి చేశారు, తర్వాత తమ ఇళ్ళకు ఉత్తరాలు రాయించుకోవడం మొదలుపెట్టారు. చదవడం రానివాళ్ళకు సాయంత్రాలు అక్షరాలు నేర్పుతోంది. వాళ్ళలో ముగ్గురు ఇప్పుడు సంతకం పెడతారు. మేనమామ దీన్ని కూడా జాబితాలో చేర్చాడు. స్టేషనుకు తనంతట తాను నడిచి వెళ్ళడాన్ని ఎక్కడ చేర్చాలో మాత్రం ఆయనకు చాలాకాలం తెలియలేదు. ఒక్కోసారి దాన్ని అన్నిటికన్నా ముందు చెబుతాడు, ఒక్కోసారి అసలు చెప్పకుండా గొంతు సవరించుకుని లేచిపోతాడు.

పోయిన ములాఖత్‌లో ఆమె బాగా చిక్కి కనిపించింది. బయటికి వచ్చాక కంప్యూటరు పనిలోకి మళ్ళీ ఎవరూ తీసుకోరని ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ మాట ఎత్తకుండానే ఆయన, మిల్లుకు కొత్త బెల్టు వేయించాననీ, చూపు ఆనక ఒక్కణ్ణీ తూకం చూసుకోలేకపోతున్నాననీ అన్నాడు. తనే వచ్చి చూసుకుంటానంది. మంచి నడవడికి శిక్షలో కొంత కొట్టేశారని జైలు గుమాస్తా ఆయనకు చెప్పాడు. ఆయన మళ్ళీ అడిగి, తప్పు లేదని రూఢి చేసుకుని, ఇంటికొచ్చి గోడమీద సుద్దముక్కతో రాసుకున్నాడు. ఆమె తిరిగివచ్చేది నవంబరు పంతొమ్మిదో తేదీ.